అవతల నుంచి మోసుకొచ్చేవాడు

రోడ్డు ఆ ఊళ్ళోనే ఆగిపోతుంది. ఊరి చివర నది, దాని మీద ఇనప వంతెన. వంతెన దాటాక ఇక రోడ్డు లేదు, కరెంటు స్తంభం లేదు, ఇల్లన్నది లేదు. కంటికి ఆనినంత మేర గడ్డి, ఆ పైన బండరాళ్ళ కొండలు, వాటి వెనక మంచు, మధ్యలో ఎటు పడితే అటు దారి మార్చుకునే వాగులు. మ్యాపుల్లో ఆ ప్రాంతానికి ఏదో పొడుగాటి పేరుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం 'అవతల' అని ఊరుకుంటారు. "మా ఆయన అవతల ఉన్నాడు" అని ఎవరైనా అంటే వినేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే మాట కొనసాగిస్తారు.

వంతెనకి ఇవతల ఉన్న ఒకే ఒక్క బజారు అవతల పుణ్యమా అని బతుకుతుంది. బూట్లు అద్దెకిచ్చే కొట్లు, గుడారాలు కుట్టే కొట్లు, లాడ్జీలు, టీ కొట్లు. గోడల నిండా రంగురంగుల పోస్టర్లు. ఒక కొండ అంచున చేతులు బార్లా చాపి నిలబడ్డ మనిషి బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: 'బతికి ఉన్నానని తెలుసుకోవాలంటే రండి'. వేసవి మొదలైందంటే చాలు, ఎక్కడెక్కడి నుంచో జనం బస్సులు దిగుతారు. ఆఫీసుల్లో కుర్చీలకి అతుక్కుపోయినవాళ్ళు, పెళ్ళి చెడినవాళ్ళు, ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్ళు, ఊరికే కాళ్ళు దురదపెట్టేవాళ్ళు. వంతెన దాటేటప్పుడు ఒక్కొక్కరి ముఖం చూడాలి. ఇంట్లోంచి పారిపోతున్న పిల్లల ముఖాల్లా ఉంటాయి.

వాళ్ళలో తిరిగి నడిచి రానివాళ్ళను మోసుకొచ్చేది మోతాయన.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. దాంతో పిలిచేవాళ్ళు మిగల్లేదు. పడుచు వయసులో అతనూ అందరిలాగే యాత్రికుల సామాన్లు మోసేవాడు. తలుపు చెక్కలా వెడల్పాటి వీపు, పొట్టి మెడ, తక్కువ మాట. ఒక ఏడు అవతల రాళ్ళు జారి ఒక యాత్రికుడు పోయాడు. మంచు పొగ కమ్ముకుని హెలికాప్టరు దిగే వీల్లేకపోయింది. శవాన్ని ముట్టుకోడానికి తోటి కూలీలు వెనకాడారు. అతను మాత్రం వీపుకి కట్టుకున్న మోత చట్రం విప్పి, సామాన్లు పక్కన పెట్టి, ఆ మనిషిని గుడారం గుడ్డలో చుట్టి వీపుకి కట్టుకున్నాడు. ఎందుకు మోశావని తర్వాత అడిగితే, "అక్కడ వదిలేస్తే ఎలా, వాళ్ళవాళ్ళు ఎదురు చూస్తారుగా" అన్నాడు. అంతే, ఆ తర్వాత లోపల ఎవరు పోయినా అతనికే కబురు. శవాలు మోసే వీపు మీద తమ సంచులు పెట్టడానికి యాత్రికులు జంకారు. మామూలు మోత తగ్గిపోయింది, ఆ మోతే మిగిలింది.

తెచ్చినవాళ్ళందరూ అతనికి గుర్తే. జేబుల నిండా గులకరాళ్ళు ఏరుకుని, ఆ బరువుతోనే వాగులో మునిగిన ముసలి మేష్టారు. నిద్ర సంచిలోనే బిగుసుకుపోయిన కొత్త జంట. దారి తప్పి, తప్పిన చోటే గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయిన లావుపాటి వంటాయన. వాళ్ళని మోస్తూ నడిచేటప్పుడు అతను వాళ్ళతో మాట్లాడేవాడు. అడిగేది ఎప్పుడూ ఒకటే మాట. "ఎందుకొచ్చావయ్యా? ఇంట్లో ఏం తక్కువైంది?"

అతనికి నిజంగానే తెలీదు. మోసేవాడి చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. ఏ రాయి కదులుతుంది, ఏ రాయి నిలుస్తుంది, ఎక్కడ బురద, ఎక్కడ జారుడు. అవతల అతను చూసిందల్లా తన రెండు కాళ్ళ ముందున్న జానెడు నేల.

అతని బావమరిది దీనికి పూర్తిగా ఎదురు. సన్నగా రివటలా ఉండేవాడు, నోరు మాత్రం ఆగేది కాదు. ఊళ్ళో అతని పేరు కబుర్లాయన. దారి చూపించే గైడుల్లో అతన్ని మించినవాడు లేడు. బస్టాండులో దిగిన మనిషికి టీ ఇప్పించి, ఆ టీ చల్లారేలోగా అవతల మీద మోజు పుట్టించేవాడు. "మీరు ఇంతవరకూ చూసింది ఆకాశం కాదండీ, దాని ముక్క. మొత్తం చూపిస్తా రండి" అనేవాడు. రెండు రోజులుండి పోదామని వచ్చినవాళ్ళు రెండు వారాలకి బూట్లు అద్దెకి తీసుకునేవాళ్ళు.

వీళ్ళిద్దరి మీద టీ కొట్లో ఒక జోకు నడిచేది. "బావమరిది లోపలికి పంపిస్తాడు, బావ బయటికి తెస్తాడు. వ్యాపారం ఇంట్లోనే ఉంది." కబుర్లాయన అందరికంటే గట్టిగా నవ్వేవాడు. మోతాయన నవ్వేవాడు కాదు, అలాగని కోపమూ తెచ్చుకునేవాడు కాదు.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. కబుర్లాయన భార్య కాన్పు తర్వాత జ్వరంతో పోయింది. చంటిదాన్ని మోతాయన భార్యే పెంచింది, వాళ్ళకి పిల్లల్లేరు. ఒక్కచోట కుదురుగా కూర్చోదని తండ్రి ఆ పిల్లకి 'పిచ్చుక' అని పేరు పెట్టాడు. మోతాయన భార్య లాడ్జీల దుప్పట్లు ఉతికేది. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు పెద్ద తొట్లు, ఒక పాత మిషను, ఎప్పుడు చూసినా ఆవిరి. ఆమె వేళ్ళ చివర్లు నీళ్ళకి నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. తమ్ముడి కబుర్లు వింటూ దుప్పట్లు పిండడమే ఆమెకి వినోదం. "చాల్లేరా నీ కోతలు" అంటూనే, అతను ఆపితే "ఊఁ, తర్వాత?" అనేది.

పిచ్చుకకి ఇరవై ఏళ్ళొచ్చి లాడ్జీ కౌంటర్లో కూర్చుంటున్న రోజుల్లో, వేసవి అయిపోయి గాలి మారుతున్న సమయంలో, కబుర్లాయన నలుగురిని తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ ఏటికి అదే చివరి గుంపు. అందులో మెళ్ళో పెద్ద కెమెరా వేలాడేసుకున్న ఒకాయన, ఆయన స్నేహితులిద్దరు, ఒక పళ్ళ డాక్టరమ్మ. కనుమ దాటితే ఒక సరస్సు ఉంది. మబ్బు పట్టాక ఆ కనుమ జోలికి ఎవరూ పోరు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు కబుర్లాయనే.

తిరిగి రావలసిన రోజు దాటాక ముగ్గురే వచ్చారు. కెమెరా ఆయన వంతెన మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సరస్సు చూసి తిరిగి వస్తూ కనుమ దిగుతుంటే ఒక బండ దొర్లి కబుర్లాయన తొడ మీద పడిందట. ఎముక విరిగింది. నలుగురూ కలిసినా మోయలేకపోయారు. కొండచరియ కింద గుడారం వేసి పడుకోబెట్టి, సాయం కోసం వీళ్ళు పరుగెత్తుకొచ్చారు. డాక్టరమ్మ మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది.

మంచు పొగ కమ్మేసి ఉంది. ఎగరలేమని హెలికాప్టరు వాళ్ళు చెప్పేశారు. మోతాయన పెరట్లో చట్రం దించి తాళ్ళు సరిచూస్తుంటే భార్య చేతిలో తడి దుప్పటితో వచ్చి నిలబడింది. అతను చట్రానికి గుడారం గుడ్డ కట్టలేదు, పీట బిగిస్తున్నాడు. దెబ్బలు తగిలినవాళ్ళను కూర్చోబెట్టి తేవడానికి వాడే పీట అది. ఇంతవరకూ దానితో పని పడక ఏళ్ళ తరబడి గోడకే వేలాడుతూ ఉండిపోయింది.

"పీటేనా?" అంది ఆమె.

"పీటే. కూర్చోబెట్టి తెస్తాను."

"దార్లో వాడి వాగుడు భరించలేక ఎక్కడైనా దించేస్తావేమో" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. దుప్పట్లో ముఖం దాచుకుంది.

అతనితో ఇద్దరు మోతగాళ్ళు బయల్దేరారు. పెద్ద వాగు దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు నడుం దాటి పారుతున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు మనిషిని దాటించాలంటే ఇటూ అటూ తాళ్ళు బిగించి ఉంచాలి. ఆ ఇద్దరినీ ఆ పనిలో పెట్టి, మోతాయన ఒక్కడే దాటి ముందుకి నడిచాడు. మళ్ళీ వాగు దాకా తను తెస్తే, అక్కడి నుంచి ముగ్గురూ వంతులేసుకోవచ్చని లెక్క.

కొండచరియ దగ్గరికి చేరేసరికి మొదట వినిపించింది బావమరిది గొంతే. గుడారంలో పడుకుని డాక్టరమ్మకి ఏదో కథ చెబుతున్నాడు. మోతాయన ఆ గొంతు వినగానే రాయి మీద చతికిలబడ్డాడు. ఇంతవరకూ అవతల అతను వెతుక్కుంటూ వెళ్ళిన ఏ మనిషీ మాట్లాడలేదు.

"వచ్చావా బావా? గుడారం గుడ్డ తెచ్చావా, పీట తెచ్చావా?"

"నోరు మూసుకో."

"పీటే. నాకు తెలుసు."

డాక్టరమ్మ తల పక్కకి తిప్పుకుంది. ఆమె తన ఊతకర్రలు రెండూ విరిచి ఎముక కదలకుండా అతని కాలికి దబ్బలుగా కట్టింది. తన దుప్పటీ, కోటూ అతనికే కప్పేసింది. మోతాయన్ని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "నేను పళ్ళు చూసేదాన్నండీ, ఇది నాకు సరిగ్గా తెలీదు. కానీ తొడ లోపల రక్తం కారుతోంది. కాలు ఎంత వాచిందో చూడండి. తొందరగా ఆసుపత్రికి వెళ్ళాలి."

"వెళ్దాం అమ్మా."

పీట మీద కూర్చోబెడితే మనిషి ముఖం వెనక్కి ఉంటుంది. మోసేవాడు ముందుకి చూస్తాడు, మోయించుకునేవాడు వచ్చిన దారి వైపు చూస్తాడు. అలా కట్టుకుని మోతాయన లేచాడు. డాక్టరమ్మ వెనకాల నడిచింది. అంటే కబుర్లాయన ముఖం ఎప్పుడూ ఆమె ఎదుటే ఉంది.

మొదట్లో ప్రతి అడుగుకీ మూలిగాడు. తర్వాత నొప్పి మొద్దుబారిందో ఏమో, మాటలు మొదలుపెట్టాడు.

"బావా, ఇన్నేళ్ళు ఈ దారిన తిరిగావు. ఒక్కసారైనా తలెత్తి చూశావా?"

"తలెత్తితే పడతాం. ఇద్దరం."

"సరే, నువ్వు నేల చూడు. మిగతాది నేను చెబుతా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు మబ్బు విడింది. మనం దిగిన లోయ మొత్తం కనిపిస్తోంది. గడ్డి మీద మబ్బుల నీడలు పరిగెడుతున్నాయి. ఒకటి వాగు దాటింది, ఒకటి కొండెక్కుతోంది. పైన మంచు మీద ఎండ పడింది. కంట్లో గుచ్చుకుంటోంది. ఎంత దూరం ఉందో తెలుసా బావా, చూపు వెళ్ళి వెళ్ళి అలిసిపోయి ఆగుతోంది."

"ఊపిరి దాచుకోరా."

"ఎక్కడ దాచుకోను? జేబులు చిరిగాయి."

వెనక డాక్టరమ్మ నవ్విన చప్పుడైంది. మోతాయన చిన్న వాగులో రాళ్ళు చూసుకుంటూ దాటాడు. అప్పుడు ఎన్నేళ్ళ నుంచో శవాలని అడుగుతున్న మాట మొదటిసారి ప్రాణం ఉన్న మనిషిని అడిగాడు.

"ఎందుకొస్తార్రా వీళ్ళంతా? ఏముంది ఇక్కడ?"

కబుర్లాయన టీ కొట్లో చెప్పే పాత మాటలేవీ చెప్పలేదు.

"ఊళ్ళో చూసిన ప్రతివాడికీ మనతో ఏదో ఒక పని ఉంటుంది బావా. ఇంట్లోవాళ్ళకి, ఆఫీసువాళ్ళకి, పక్కింటివాళ్ళకి. ఇక్కడ దేనికీ మనతో పనిలేదు. ఆ కొండకి నువ్వు పెద్దవాడివో చిన్నవాడివో అక్కర్లేదు. అసలు నువ్వున్నావని కూడా దానికి తెలీదు. దాని ముందు నిలబడితే నెత్తి మీద బరువేదో దిగిపోయినట్టుంటుంది."

"మనతో పనిలేదు కాబట్టే చంపేస్తోంది."

"అవును" అన్నాడు కబుర్లాయన. "అదీ నిజమే."

ఇంకొంత దూరం పోయాక అతని గొంతు సన్నబడింది. "బావా, ఆ కెమెరా ఆయన్ని ఎవరూ ఏమీ అనకుండా చూడు. కనుమ దాటుదామని అడిగింది ఆయనే. మబ్బు చూసి నేను వద్దనాలి. అనలేదు. నాకూ సరస్సు చూడాలనిపించింది. ఇన్నిసార్లు చూసినా మళ్ళీ చూడాలనిపించింది. ఈ మాట పిచ్చుకతో అనకు."

"అననులే."

"అక్కతో కూడా."

"అననన్నానుగా."

తర్వాత ఎర్రమట్టి దిగుడు వచ్చింది. అక్కడ మట్టి కాలి కింద జారుతుంది, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని దిగాలి. ఆ దిగుడులో ఎక్కడో వెనక మాటలు ఆగిపోయాయి. మోతాయనకి చెవితో తెలియలేదు, వీపుతో తెలిసింది. ప్రాణం ఉన్న మనిషి మోసేవాడి అడుగుకి తగ్గట్టు తెలియకుండానే ఒరుగుతాడు, సర్దుకుంటాడు. కుడికాలు వేస్తే ఎడమకి, ఎడమకాలు వేస్తే కుడికి. ఆ సర్దుబాటు ఆగిపోయి బరువంతా ఒక్కసారిగా కిందికి లాగింది. ఈ బరువు అతనికి కొత్తది కాదు. తప్పు లెక్క వేశానేమోనని తాళ్ళు ఎగదోసుకుని చూశాడు. అదే బరువు.

అతను ఆగలేదు. ఆగితే దించాలి, దించితే చూడాలి.

కొంతసేపటికి అతనే మాట కలిపాడు. "ఇప్పుడేం కనిపిస్తోందిరా?"

వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "అలిసిపోయి కళ్ళు మూసుకున్నారండీ. నేను చెబుతాను. లోయ ఇంకా కనిపిస్తోంది. నీడలు పెరిగాయి. పక్షులేవో గుంపుగా వెళ్తున్నాయి, పెద్ద పక్షులు. మంచు ఇప్పుడు పసుపుపచ్చగా ఉంది."

ఆమె దారి పొడుగునా కనిపించిన ప్రతిదీ చెబుతూ వచ్చింది. అతను "ఊఁ" కొడుతూ నడిచాడు.

పెద్ద వాగు దగ్గర ఇద్దరు మోతగాళ్ళు తాళ్ళు బిగించి ఎదురు చూస్తున్నారు. ఒకడు మోతాయన వెనక్కి వచ్చి కబుర్లాయన్ని దించబోయి, ముఖం చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "అన్నా..." అన్నాడు.

మోతాయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఎర్రమట్టి దగ్గరేనా?"

ఆమె తలూపింది. "మీకు చెబితే మీరు అక్కడే కూర్చుండిపోతారని భయపడ్డాను. చీకటి పడుతోంది కదా. మీకు తెలుసా?"

"తెలుసమ్మా. మీరొక్కరే వెనక నడుస్తున్నారు. నేను చెబితే మీరు భయపడతారని..."

ఇద్దరూ వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చారు. మోతగాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. తర్వాత వంతులేసుకుందామని వాళ్ళు ఎంత బతిమాలినా మోతాయన చట్రం ఇవ్వలేదు. వంతెన దాకా తనే మోశాడు.

ఇంటి ముందు భార్య నిలబడి ఉంది. పీట మీద ఒక పక్కకి వాలిపోయిన తమ్ముణ్ణి చూసింది. అరవలేదు. దగ్గరికొచ్చి అతని జుట్టులో మట్టి దులిపింది. అప్పుడు భర్త వైపు తిరిగి అంది, "ఊరు కాని ఊరి నుంచి వచ్చి పోయినవాళ్ళందరినీ తెచ్చావు. వీణ్ణొక్కణ్ణి బతికుండగా తేలేకపోయావా?"

అది అన్యాయమైన మాటేనని ఆమెకీ తెలుసు. కానీ నోరు దాటిపోయింది. ఆ శీతాకాలమంతా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటల్లేవు. షెడ్డులో తొట్లు బోర్లించి ఉన్నాయి. మిషను మీద దుమ్ము పేరుకుంది. రాత్రుళ్ళు పక్క గదిలో పిచ్చుక దగ్గు వినబడితే ఇద్దరూ ఒకేసారి తల తిప్పేవాళ్ళు, మళ్ళీ ఎవరి గోడ వైపు వాళ్ళు తిరిగేవాళ్ళు.

ఊరు కెమెరా ఆయన్ని దుమ్మెత్తిపోసింది. అతను కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతామన్నవాళ్ళున్నారు. అయినా అతను తీసిన సరస్సు ఫోటోలు ఎలా బయటికొచ్చాయో గానీ, మళ్ళీ వేసవి వచ్చేసరికి జనం చేతుల్లో ఫోన్లలో అవే. అద్దంలా నిలబడ్డ నీలం నీళ్ళు, ఆ నీళ్ళల్లో తలకిందులుగా మంచుకొండ, ఒడ్డున కాళ్ళు చాపుకుని నవ్వుతున్న కబుర్లాయన. బస్సులు కిక్కిరిసి వచ్చాయి. దిగినవాడల్లా ఆ సరస్సే అడిగాడు. "ఆ గైడు చనిపోయిన చోటు దార్లోనే వస్తుందా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. యాత్రల ఆఫీసు పెద్దమనిషి గైడుల కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. తిరిగి తిరిగి ఒకరోజు పిచ్చుక కౌంటరు ముందు ఆగాడు. తండ్రి వెంట చిన్నప్పటి నుంచి సగం దారి దాకా తిరిగిన పిల్ల ఆమె.

ఆ సాయంత్రం పిచ్చుక మోతాయన పక్కన వచ్చి కూర్చుంది.

"నేను పోనని చెప్పేశాను మామయ్యా. ఆ కెమెరా వాడు బలవంతం చేయకపోతే నాన్న కనుమ ఎక్కేవాడే కాదు. అలాంటి వాళ్ళ సరదా కోసం నేను వెళ్ళనా? తల్చుకుంటేనే ఒళ్ళు మండుతోంది."

మోతాయన ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ కోపమే పిల్లని వంతెనకి ఇవతల నిలబెట్టి ఉంచేది. కానీ నెలల తరబడి ఆ పిల్ల లోపల్లోపల ఉడికిపోవడం చూసి అతను తట్టుకోలేకపోయాడు. ఒక మనిషి మీద పుట్టెడు ద్వేషం పెట్టుకుని బతకడం మంచిది కాదనిపించింది. చనిపోయినవాడికిచ్చిన మాట తప్పాడు.

"ఆయన ఒక్కడి తప్పు కాదమ్మా. మీ నాన్నకీ వెళ్ళాలనిపించిందట. సరస్సు మళ్ళీ చూడాలనిపించి ఒప్పుకున్నాడట. నా వీపు మీద ఉన్నప్పుడు తనే చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు కూడా."

పిచ్చుక ముఖంలో కోపం మెల్లమెల్లగా కరిగి, దాని కింద ఇంకేదో పైకి వచ్చింది. అదేమిటో మోతాయన గుర్తుపట్టాడు. బస్సు దిగి వంతెన వైపు నడిచేవాళ్ళ ముఖాల్లో రోజూ కనిపించేది అదే.

"నాన్న ఎవరికోసమో చచ్చిపోయాడనుకున్నాను" అంది. "తనకి ఇష్టమైన చోటికి తనే వెళ్ళాడన్నమాట."

మర్నాడు వెళ్ళి ఆఫీసులో ఒప్పుకుని వచ్చింది.

భార్యకి విషయం తెలిశాక మోతాయన మీద విరుచుకుపడింది. "వాడు చెప్పొద్దన్నాడా లేదా? నీ జన్మకి నోరు విప్పవు, విప్పక విప్పక ఇప్పుడే విప్పాలా?" మర్నాడు అతను చట్రానికి మామూలు సంచులు కట్టుకుని పిచ్చుక గుంపులో మోతగాడిగా బయల్దేరాడు. ఎవరైనా వెనక ఉండాలి కదా అన్నాడు. యాత్రికుల్లో కొంతమంది అతనెవరో తెలిసి ముఖాలు చూసుకున్నారు. పిచ్చుక వాళ్ళతో ఖరాకండిగా చెప్పింది. "ఆయన వస్తేనే నేను వస్తాను. ఇష్టం లేనివాళ్ళు లాడ్జీలో ఉండండి."

ఆ ఏడు వాతావరణం దయ చూపించింది. కనుమ దాటి సరస్సు ఒడ్డుకి చేరాక పిచ్చుక అతని వీపు మీద సంచులు తనే దించింది. "ఇప్పుడు చూడు మామయ్యా. ఇక్కడ జారేదేం లేదు."

అతను తలెత్తాడు.

ఫోటోలో కనిపించింది అందులో నలుసంత కూడా కాదు. నీళ్ళు ఎంత నిశ్చలంగా ఉన్నాయంటే కొండ ఎక్కడ ఆగి దాని నీడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గాలి లేదు. చప్పుడు లేదు. యాత్రికుల్లో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నారు. వీపు మీద ఏ బరువూ లేకుండా అవతల నిలబడటం మోతాయనకి బుద్ధి తెలిశాక ఇదే మొదలు. బావమరిది చెప్పిందంతా నిజమే. ఇక్కడ తనతో దేనికీ పనిలేదు. ఒక్క క్షణం, ఎంతో హాయిగా, తను మోసిన ఏ ఒక్కరూ గుర్తుకు రాలేదు.

ఆ వెంటనే అందరూ గుర్తొచ్చారు. అతనికి విపరీతమైన కోపం వచ్చింది. ఇది ఇంత అందంగా లేకపోతే ఎంత బాగుండేది అనుకున్నాడు. ఒక రాయి తీసి నీళ్ళలోకి బలంగా విసిరాడు. అలలు లేచి కొండ నీడ చెదిరింది. యాత్రికులు ఉలిక్కిపడి చూశారు. కాసేపటికి నీళ్ళు మళ్ళీ సర్దుకున్నాయి, ఏమీ జరగనట్టే.

ఇంటికొచ్చాక భార్య దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మెలితిప్పి పిండారు. "ఎలా ఉంది?" అంది, అతని వైపు చూడకుండా.

"బాగుంది" అన్నాడు. అబద్ధం చెప్పాలనుకున్నాడు గానీ రాలేదు. "చాలా బాగుంది."

ఆమెకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "అయితే ఇక అది ఆగదు" అంది పిచ్చుక గురించి. అతను కాదనలేదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఎక్కువగా ఆ పిల్ల గురించే.

కొన్నేళ్ళకి మోతాయన నడుం పూర్తిగా పోయింది. వెన్నుపూసలు అరిగిపోయాయని, ఇక బరువు ఎత్తితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. ఇప్పుడతను షెడ్డులో స్టూలు మీద కూర్చుని దుప్పట్లు మడతపెడతాడు. లోపల పోయినవాళ్ళను తేవడానికి ఇంకెవరో వెళ్తారు. పిచ్చుక మాత్రం ప్రతి ఏడూ వెళ్తోంది, ప్రతి ఏడూ ముందటేడు కంటే దూరం. ఆమె లోపల ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ వాతావరణం మాట ఎత్తరు. రేడియోలో వార్తలు అయిపోయి వాతావరణం మొదలవ్వగానే ఎవరో ఒకరు లేచి కట్టేస్తారు.

మొన్న మంచు ముందుగా పడింది. పిచ్చుక గుంపు రావలసిన రోజు దాటిపోయింది. పెళ్ళైన నాటి నుంచి వంతెన ఎక్కని మోతాయన భార్య చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళి వంతెన మధ్యలో నిలబడింది. మోతాయన కర్ర సాయంతో మెల్లగా వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఎదుట తెల్లదనం తప్ప ఏమీ లేదు. ఎవరైనా కదులుతున్నారో లేదో కూడా తెలియని తెల్లదనం.

చాలాసేపటికి అందులోంచి ఒక వరస మనుషులు బయటపడ్డారు. అందరూ నడుస్తున్నారు. ముందు పిచ్చుక, ముఖం కమిలి, పెదాలు పగిలి. ఎడమ చేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి, అవి ఇక దక్కవని చూస్తేనే తెలుస్తోంది.

అత్త ఆమె చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఆ చేతిని తన కొంగులో చుట్టి రొమ్ముకి అదుముకుంది.

"అందరినీ తెచ్చాను మామయ్యా" అంది పిచ్చుక, అత్త భుజం మీదుగా. "నడిపించుకునే తెచ్చాను."

"చూశానమ్మా."

"మళ్ళీ వేసవికి..."

"ముందు ఆసుపత్రికి నడు" అంది అత్త. ముగ్గురూ ఊరి వైపు తిరిగారు. బజార్లో అప్పుడే ఒక బస్సు వచ్చి ఆగింది. మంచు అని తెలిసి కూడా ఎవరో దిగుతున్నారు.